గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీ టేపులు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా వినాలి, ఎలా దాచుకోవాలి

గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమాని ఎవరైనా దొరికితే "డార్క్ స్టార్ పాట చాలా బాగుంటుందట కదా" అని చూడండి. "ఏ రోజుది?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. వెటకారం అనుకోకండి, నిజంగానే అడుగుతున్నాడు. 1965లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మొదలై, 1995 ఆగస్టులో దాని గిటారిస్టు జెర్రీ గార్సియా చనిపోయేదాకా ఈ బ్యాండ్ ఇంచుమించు 2,300 కచేరీలు చేసింది. డార్క్ స్టార్ ఒక్కటే 200 సార్లకు పైగా వాయించారు. ఒక రోజు పది నిమిషాల్లో ముగిసేది, ఇంకో రోజు అరగంట దాటేది. స్టూడియోలో చేసిన ఆల్బమ్‌లు విని "ఇందులో ఏముంది?" అనుకుని వదిలేసినవాళ్లు చాలామందే ఉంటారు. అసలు సరుకు టేపుల్లో ఉంది.

మనకిది కొత్త సంగతేం కాదు. ఒకే విద్వాంసుడు పాడిన ఒకే కీర్తనను నాలుగైదు సభల రికార్డింగుల్లో పెట్టుకుని, ఏ రోజు నెరవు ఎలా సాగిందో పోల్చి వినే పెద్దవాళ్లు మన ఇళ్లల్లోనూ ఉన్నారు. జామ్ బ్యాండ్ల (వేదిక మీద అప్పటికప్పుడు పాటను పెంచుకుంటూ వాయించే బ్యాండ్ల) టేపులు పోగుచేసే అలవాటు కూడా సరిగ్గా అలాంటిదే. తేడా ఏమిటంటే, ఇక్కడ బ్యాండే తన ప్రేక్షకులను రికార్డు చేసుకోనిచ్చింది. అందుకే ఇప్పుడు వేల గంటల సంగీతం ఉచితంగా దొరుకుతోంది. అంత ఉండడమే కొత్తవాళ్లకు కష్టం. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పది గంటలు డౌన్‌లోడ్ చేసి పది నిమిషాలు విని వదిలేస్తారు. అలా కాకుండా ఉండటానికే ఈ వరస.

ముందు తేదీలు చదవడం నేర్చుకోండి

ఈ లోకంలో కచేరీకి పేరు ఉండదు, తేదీయే పేరు. అదీ అమెరికా పద్ధతిలో, నెల ముందు, రోజు తర్వాత. "5/8/77" అని కనిపిస్తే మన అలవాటు కొద్దీ ఆగస్టు 5 అనుకుంటాం. కాదు, అది మే 8. రెండు అంకెలూ 12 లోపే ఉన్నప్పుడు పొరపాటు పడ్డామని తెలియను కూడా తెలియదు. అందుకని మీ దగ్గర దాచుకునే ప్రతి ఫోల్డర్‌కూ ఏడాది, నెల, రోజు అనే వరసలోనే పేరు పెట్టండి: 1977-05-08. ఇలా పెడితే కంప్యూటర్ కూడా వాటిని కాలక్రమంలోనే చూపిస్తుంది.

తేదీతో పాటు ఊరు, హాలు పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి. ఒకే హాల్లో వరసగా మూడు నాలుగు రాత్రులు వాయించడం వీళ్లకు మామూలు. పాత క్యాసెట్ల మీద తేదీలు తారుమారై, ఒక రాత్రి పాట ఇంకో రాత్రి ఖాతాలో పడిపోయిన సందర్భాలు కొల్లలు.

పాటల జాబితాలో రెండు పేర్ల మధ్య బాణం గుర్తు కనిపిస్తుంది. దానర్థం మొదటి పాట ఆగకుండా రెండో పాటలోకి జారిపోయిందని. స్కార్లెట్ బిగోనియాస్ నుంచి ఫైర్ ఆన్ ది మౌంటెన్‌లోకి, చైనా క్యాట్ నుంచి ఐ నో యూ రైడర్‌లోకి వెళ్లడం ఇలాంటివే. చాలామంది పాటల కోసం కంటే ఆ బాణం కోసమే వింటారు. ఒక పాట ఎక్కడ అయిపోయింది, రెండోది ఎక్కడ మొదలైంది అని వేలు పెట్టి చూపించలేని చోటు ఒకటి వస్తుంది. అది ఒక్కసారి చెవిన పడితే ఇక ఈ పిచ్చి వదలదు.

మొదట నాలుగైదు కచేరీలు చాలు

మొదట్లో నాలుగైదు కచేరీలు మాత్రమే ఎంచుకోండి. కానీ అవి వేరువేరు కాలాలవి కావాలి. బ్యాండ్ అదే అయినా మనుషులు మారుతూ వచ్చారు. కీబోర్డు ముందు ఎవరు కూర్చున్నారో చూస్తే కాలం దాదాపు తెలిసిపోతుంది: మొదట్లో పిగ్‌పెన్, 1971 చివర నుంచి కీత్ గాడ్‌షా, 1979 నుంచి బ్రెంట్ మిడ్‌లాండ్, 1990లో ఆయన పోయాక విన్స్ వెల్నిక్. డ్రమ్స్ సంగతికొస్తే, 1967లో చేరిన మికీ హార్ట్ 1971లో వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చేదాకా బిల్ క్రూట్జ్‌మన్ ఒక్కడే వాయించాడు. ఒక్క డ్రమ్మర్ ఉన్న ఆ రోజుల్లో సంగీతం తేలిగ్గా, ఎటు కావాలంటే అటు తిరిగేది. ఇద్దరున్నప్పుడు బరువెక్కింది. ఈ రెండు కాలాల్లో ఏది మేలన్న గొడవలోకి నేను దిగను గానీ, నా ఓటు ఒక్క డ్రమ్మర్ కాలానికే.

మొదటిది 1969 ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫిల్మోర్ వెస్ట్‌లో జరిగిన నాలుగు రాత్రుల్లో ఏదో ఒకటి. ఇక్కడ సంగీతం ముతగ్గా, ఆవేశంగా ఉంటుంది. ది ఎలెవన్ అనే పాట వినండి. పేరుకు తగ్గట్టే 11 దెబ్బల లెక్క. మికీ హార్ట్ ఉస్తాద్ అల్లారఖా దగ్గర తబలా లెక్కలు నేర్చుకున్నవాడు. తాళం వేసే అలవాటున్నవాళ్లు తొడ మీద లెక్క వేసుకుంటూ వింటే ఈ పాట ఇంకా రుచిగా ఉంటుంది.

రెండోది 1972 ఆగస్టు 27, ఆరిగన్ రాష్ట్రంలోని వెనీటా. స్థానికంగా ఉన్న ఒక డెయిరీని ఆదుకోవడానికి మైదానంలో చేసిన కచేరీ. ఎండ మండిపోయింది. ఆ వేడికి తీగలు శ్రుతి తప్పుతూనే ఉన్నాయి. అయినా డార్క్ స్టార్ అరగంట దాటి సాగుతుంది. చివరికి అంతా విడిపోయి, దిక్కూ దరీ లేని శబ్దాల్లో తేలుతున్న చోట నుంచి ఒక్కసారిగా ఎల్ పాసో అనే కౌబాయ్ పాటలోకి దూకుతారు. అభిమానుల్లో సగం మందికి అది అద్భుతం, మిగతా సగానికి ఘోరం. మీరు ఏ పక్షమో విని తేల్చుకోండి. ఈ కచేరీ 2013లో అధికారికంగా కూడా విడుదలైంది.

మూడోది 1974లో ఏదో ఒకటి. ఆ ఏడాది వేదిక వెనక దాదాపు 600 స్పీకర్లను గోడలా పేర్చి వాయించారు, దాన్ని వాల్ ఆఫ్ సౌండ్ అనేవారు. మోయడానికీ కట్టడానికీ తడిసి మోపెడై, ఏడాది తిరక్కుండానే కచేరీలకు విరామం ఇవ్వాల్సి వచ్చింది. సియాటిల్‌లో మే 21న ప్లేయింగ్ ఇన్ ది బ్యాండ్ అనే పాటను 46 నిమిషాలు వాయించారు. దాన్ని మాత్రం మొదటి వారంలోనే పెట్టుకోకండి, పారిపోతారు.

నాలుగోది అందరూ చెప్పేదే: 1977 మే 8, న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ యూనివర్సిటీ, బార్టన్ హాల్. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ దీన్ని 2011 సంవత్సరానికి జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. ఇదే అన్నిటికన్నా గొప్ప కచేరీయా అంటే, అక్కడ తన్నుకుంటారు. దీనికి ఇంత పేరు రావడానికి వాయించిన తీరు ఎంత కారణమో, టేపు చాలా శుభ్రంగా ఉండి చాలామందికి చేరడం కూడా అంతే కారణం అని నా అభిప్రాయం. ఆ నెలంతా బ్యాండ్ ఇదే ఊపులో ఉంది. కార్నెల్ విన్నాక ముందు రోజు, తర్వాతి రోజు టేపులు కూడా వినండి, మీకే తెలుస్తుంది.

1990 మార్చి 29, న్యూయార్క్ రాష్ట్రంలోని నసావ్ కొలీజియం కూడా కలుపుకోండి. శాక్సఫోన్ విద్వాంసుడు బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ అతిథిగా వచ్చి కలిశాడు. కొత్త మనిషి వేదిక మీదికి వస్తే పాతవాళ్ల చెవులు ఎలా నిక్కబొడుచుకుంటాయో ఇందులో వినిపిస్తుంది.

ఏ టేపు? సౌండ్‌బోర్డా, ఆడియన్సా?

తేదీ తేలింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత వెబ్‌సైటులో వెతికితే ఆ ఒక్క తేదీకే ఎన్నో రికార్డింగులు వస్తాయి. కొత్తవాళ్లు ఇక్కడే తికమక పడతారు. అన్నీ ఒకే కచేరీవి, కానీ వేరువేరు చోట్ల నుంచి పట్టినవి.

పేరులో ఎస్‌బీడీ అని ఉంటే సౌండ్‌బోర్డ్. అంటే మైకుల నుంచి మిక్సింగ్ బల్లకు వచ్చిన శబ్దాన్ని నేరుగా టేపులోకి ఎక్కించినది. ప్రతి వాద్యం విడిగా, స్పష్టంగా ఉంటుంది. చప్పట్లు ఎక్కడో దూరంగా వినిపిస్తాయి. ఏయూడీ అంటే ఆడియన్స్ టేపు: హాల్లో ఒక అభిమాని ఎత్తు స్టాండుకు మైకులు కట్టి పట్టినది. ఇందులో హాలు మోత ఉంటుంది, పక్కన ఎవరో ఈల వేయడం ఉంటుంది, ఒక్కోసారి "కూర్చో బాబూ" లాంటి అరుపులు కూడా ఉంటాయి. ఈ రెండింటినీ కలిపి కుదిర్చినది మ్యాట్రిక్స్. రేడియో ప్రసారం నుంచి పట్టినదైతే ఎఫ్ఎం అని రాస్తారు.

సౌండ్‌బోర్డే ఎప్పుడూ మేలు అనుకోకండి. మిక్సింగ్ బల్ల మీద శబ్దాన్ని హాలుకు తగ్గట్టు సర్దుతారు, టేపుకు తగ్గట్టు కాదు. చిన్న హాల్లో గిటార్ ఆంప్లిఫయరే చాలినంత మోగుతుంది కాబట్టి స్పీకర్లలోకి గిటార్‌ను తక్కువ పంపుతారు. దాంతో టేపులో గొంతు మాత్రం ముందుకొచ్చి, గార్సియా గిటార్ పక్క గదిలోంచి వినిపించినట్టు ఉంటుంది. అదే రాత్రి హాలు మధ్యలో మంచి మైకులతో పట్టిన టేపులో ఆ గిటార్ గుండెకు తగులుతుంది. 1980ల కచేరీలకైతే నేను ముందు ఆడియన్స్ టేపే వెతుకుతాను. ఆ కాలపు సౌండ్‌బోర్డులు చాలావరకు పొడిగా, ప్రాణం లేనట్టు ఉంటాయి.

దీన్ని మీరే పరీక్షించుకోండి. ఒక తేదీ తీసుకుని, అదే పాటను సౌండ్‌బోర్డులో ఐదు నిమిషాలు, ఆడియన్స్ టేపులో ఐదు నిమిషాలు హెడ్‌ఫోన్‌తో వినండి. గిటార్ సోలో తారస్థాయికి చేరినప్పుడు జనం ఎలా స్పందించారో రెండో దాంట్లో తెలుస్తుంది. వాయించేవాళ్లు ఆ హోరు విని ఇంకో మెట్టు ఎక్కడమూ తెలుస్తుంది. సౌండ్‌బోర్డులో ఆ కారణం వినపడదు, ఫలితం మాత్రమే వినపడుతుంది.

ఈ టేపులు పట్టినవాళ్లను టేపర్లు అంటారు. 1970ల మొదట్లో వీళ్లు మైకులు కోటు లోపల దాచుకుని లోపలికి తెచ్చేవాళ్లు, బ్యాండ్ సిబ్బంది కంటపడితే తిప్పలే. క్రమంగా బ్యాండ్ చూసీ చూడనట్టు వదిలేసింది. మైకు స్టాండ్లు అడవిలా పెరిగి మిక్సింగ్ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు వేదికే కనిపించకుండా పోవడంతో, 1984 అక్టోబరులో బర్క్‌లీలో మొదలుపెట్టి ఆ బల్ల వెనకాల టేపర్లకు విడిగా టికెట్లు, విడిగా చోటు ఇచ్చారు. పెట్టిన షరతు ఒక్కటే, టేపులు అమ్మకూడదు.

సౌండ్‌బోర్డుల్లో ఇంకో పేరు తరచూ వినపడుతుంది: బెట్టీ బోర్డులు. బెట్టీ కాంటర్-జాక్సన్ బ్యాండ్ దగ్గర పనిచేసిన రికార్డింగ్ ఇంజనీర్. కార్నెల్ టేపు ఆమెదే. ఆమె విడిగా మిక్స్ చేసి పట్టిన రీళ్లు అద్దె గోదాములో ఉండిపోయి, అద్దె కట్టలేక 1986లో వేలానికి వెళ్లాయి. కొన్నవాళ్ల నుంచి అవి టేపుల లోకంలోకి వచ్చాయి. ఫైల్ వివరాల్లో ఆ పేరు కనిపిస్తే ఇంకేం ఆలోచించకుండా ప్లే నొక్కేయండి.

వివరాల ఫైలు చదవండి

ప్రతి రికార్డింగుతో పాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది. పాటలు దొరికాయిగా, ఇదెందుకు అని తోసేయకండి. ఆ టేపు పుట్టుపూర్వోత్తరాలన్నీ అందులోనే ఉంటాయి: ఏ మైకులు, ఏ రికార్డరు, మాస్టర్ టేపా లేక కాపీయా, కాపీ అయితే ఎన్నో తరం, కంప్యూటర్లోకి ఎవరు ఎక్కించారు, ఏ పాటలో ఎక్కడ తెగింది.

తరం లెక్క క్యాసెట్ల కాలం నాటిది. మాస్టర్ నుంచి చేసిన కాపీ మొదటి తరం, దాని నుంచి చేసినది రెండోది. ప్రతి తరానికీ "స్‌స్‌స్" మనే రొద పెరుగుతుంది, డ్రమ్స్ పక్కన మోగే కంచు తాళాల (సింబల్స్) మెరుపు తగ్గుతుంది. నాలుగైదు తరాలు దాటితే పాట దుప్పటి కప్పుకుని పాడినట్టే.

తెగడానికి కారణం కూడా క్యాసెట్టే. 90 నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు 45 నిమిషాలు. జామ్ మంచి ఊపులో ఉండగా టేపు అయిపోతే టేపరు తిప్పి పెట్టేలోగా కొన్ని సెకన్లు పోయేవి. ఇప్పుడు సరిచేసేవాళ్లు ఆ ఖాళీలో ఇంకో టేపరు రికార్డింగు ముక్క అతుకుతారు. సౌండ్‌బోర్డు వింటూ ఉండగా హఠాత్తుగా పది సెకన్లు హాల్లోకి వెళ్లి వచ్చినట్టు అనిపిస్తే, మీ హెడ్‌ఫోన్ పాడవలేదు, అతుకు అది.

వేగం సంగతి కూడా చూడండి. పాత రికార్డర్లు కొంచెం వేగంగానో నెమ్మదిగానో తిరిగేవి. దాంతో పాట పైకో కిందికో జరిగి, గొంతు సన్నగానో బొంగురుగానో పలుకుతుంది. చెవి శ్రుతికి అలవాటైనవాళ్లు వెంటనే పట్టేస్తారు. స్పీడ్ సరిచేసిన రికార్డింగు వేరే ఉందేమో వెతుక్కోండి.

ఫోల్డర్ పేరులో తేదీ, ఎస్‌బీడీ లేదా ఏయూడీ అన్న గుర్తు, ఆ తర్వాత టేపరు పేరో ఎక్కించినవారి పేరో, చివరలో ఒక నంబరు ఉంటాయి. ఆ నంబరు ఈ-ట్రీ అనే అభిమానుల డేటాబేస్‌లో ఆ రికార్డింగుకు ఇచ్చిన గుర్తింపు. పేరు మార్చినా దాన్ని మాత్రం తీసేయకండి. రేపు "నీ దగ్గర ఉన్నది ఏది?" అని ఎవరైనా అడిగితే ఆ నంబరు చెప్తే చాలు.

దించుకోవడం, సరిచూసుకోవడం

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లైవ్ మ్యూజిక్ విభాగం 2002లో మొదలైంది. అక్కడ డెడ్ ఆడియన్స్ టేపులు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, సౌండ్‌బోర్డులు అక్కడే వినాలి. 2005 నవంబరులో బ్యాండ్ తరఫువాళ్లు డౌన్‌లోడ్‌లన్నీ ఆపించారు. అభిమానులు గోల చేయడంతో ఆడియన్స్ టేపులకు మళ్లీ దారి తెరిచారు. ఆ ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది. అడ్డదారులు చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఫోన్లో వినడానికైతే ఇవే రికార్డింగులను తేదీలవారీగా చూపించే రీలిసన్ అనే ఉచిత యాప్ ఉంది.

దించుకునేటప్పుడు ఎంపీ3 వద్దు, ఫ్లాక్ తీసుకోండి. ఫ్లాక్ అంటే శబ్దంలో ఏమీ పారేయకుండా సైజు మాత్రం తగ్గించే పద్ధతి. మూడు గంటల కచేరీ సీడీ నాణ్యతలో ఇంచుమించు ఒక జీబీ అవుతుంది. సీడీ కన్నా ఎక్కువ వివరంతో ఎక్కించిన 24-బిట్ రికార్డింగైతే దానికి రెండు మూడింతలు. బస్సులో వినడానికి ఎంపీ3 చేసుకుంటే తప్పేం లేదు, కానీ దాన్ని తిరిగి ఫ్లాక్ చేసి ఇంకొకరికి ఇవ్వకండి. పోయిన శబ్దం తిరిగి రాదు. తీసుకున్నవాడికి ఆ సంగతి తెలియదు, అతను ఇంకొకరికి ఇస్తాడు. ఈ లోకంలో ఇంతకన్నా పెద్ద నేరం ఒక్కటే, టేపులు అమ్ముకోవడం.

ఫోల్డర్‌లో ఎండీ5, ఎఫ్ఎఫ్‌పీ అనే చిన్న ఫైళ్లు ఉంటాయి. ప్రతి పాట ఫైలుకూ వేసిన వేలిముద్రలు అవి. విండోస్‌లో ట్రేడర్స్ లిటిల్ హెల్పర్ లాంటి ప్రోగ్రామ్‌తో సరిచూస్తే, దిగిన ఫైలు అచ్చంగా అసలుదేనా, మధ్యలో పాడైందా తెలిసిపోతుంది. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. పాట పేరు, తేదీ లాంటి ట్యాగులు మీరు రాసుకుంటే ఎండీ5 సరిపోలదు, ఎందుకంటే అది ఫైలు మొత్తానికి వేసిన ముద్ర. ఎఫ్ఎఫ్‌పీ శబ్దానికి మాత్రమే వేసినది కాబట్టి అది మారదు. ముందు రెండూ సరిచూసి, తర్వాతే ట్యాగులు రాసుకోండి. ఎండీ5 తేడా వచ్చిందని టెన్షన్ పడి మొత్తం మళ్లీ దించుకునేవాళ్లు చాలామంది.

ప్లేయర్‌లో పాటల మధ్య ఖాళీ లేకుండా వాయించే సెట్టింగు పెట్టుకోవడం మరిచిపోకండి. లేకపోతే ఆ బాణం గుర్తు దగ్గర సరిగ్గా అర సెకను నిశ్శబ్దం వచ్చి, మంచి చోట కాలు జారినట్టవుతుంది. అన్నిటికీ రెండో కాపీ వేరే డిస్కులో ఉంచండి.

కొనాల్సినవి కొనండి

టేపులు ఉచితం కదా, కొనడం దేనికి అనకండి. బ్యాండ్ గోదాములోని మాస్టర్ టేపుల నుంచి శుభ్రంగా సరిచేసి తెచ్చినవి కొన్ని ఉన్నాయి. టేపుల గది బాధ్యత చూసిన డిక్ లాట్‌వాలా 1993లో డిక్స్ పిక్స్ అనే వరస మొదలుపెట్టారు, అది 36 సంపుటాలు వచ్చింది. 2012 నుంచి డేవిడ్ లెమ్యూ ఎంపికతో డేవ్స్ పిక్స్ వస్తోంది. లాట్‌వాలా తానే మొదట టేపులు పోగుచేసుకున్న అభిమాని. అందుకే ఆయన ఎంపికలో శబ్దం శుభ్రత కంటే ఆ రాత్రి వాయించిన తీరుకే పెద్దపీట. కొత్తవాళ్లకు అవి మంచి దిక్సూచి. 1972 యూరప్ యాత్రలోని 22 కచేరీలూ 2011లో ఒకే పెట్టెగా వచ్చాయి. అవి చాలావరకు స్ట్రీమింగ్‌లోనూ ఉన్నాయి కాబట్టి ముందు విని, తర్వాత జేబు తడుముకోండి.

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ఉండే మనవాళ్లకు ఒక సలహా. బ్యాండ్ తన పత్రాలను శాంటా క్రజ్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి ఇచ్చింది, అక్కడి మెక్‌హెన్రీ లైబ్రరీలో వాటి ప్రదర్శన ఉంది. శనాదివారాల్లో బీచికి వెళ్లేవాళ్లు ముందే వేళలు కనుక్కుని అటు తొంగిచూడొచ్చు. మౌంటెన్ వ్యూలోని షోర్‌లైన్ ఆంఫిథియేటర్ కూడా వీళ్లు 1980ల చివర నుంచి తరచూ వాయించిన చోటే. మీరు రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలో ఉన్న హాలు టేపు వినడంలో ఒక సరదా ఉంటుంది.

వినేటప్పుడు రాసుకోండి, మాట్లాడేటప్పుడు చూపించండి

ఒక నోట్‌బుక్కో, ఫోన్లో ఒక షీటో పెట్టుకోండి. తేదీ, ఊరు, రికార్డింగు నంబరు, విన్న రోజు, ఒకటి రెండు వాక్యాలు, అంతే. "బాగుంది" అని రాస్తే ఆర్నెల్ల తర్వాత ఏమీ గుర్తుకు రాదు. "రెండో పాటలో బాస్ ముందుకొచ్చింది, ఏడో నిమిషం దగ్గర అందరూ తగ్గి పియానో ఒక్కటే మిగిలింది" అని రాస్తే మళ్లీ వెతుక్కోవడానికి పనికొస్తుంది. ఫిల్ లెష్ వాయించే బాస్ గిటార్ మీద ఒక చెవి వేసి ఉంచండి. అందరిలా తాళం పట్టుకుని కూర్చోకుండా, గిటార్‌తో సమానంగా మాట్లాడుతూనే ఉంటుంది. జామ్ ఎటు తిరగబోతోందో ఒక్కోసారి మొదట తెలిసేది అక్కడే.

ఇంకొకరితో చర్చించేటప్పుడు కూడా ఇదే పద్ధతి. తేదీ, పాట, నిమిషం చెప్పండి. ఏ రికార్డింగు విన్నారో చెప్పండి, ఎందుకంటే ఎదుటి మనిషి వేరే టేపు విని ఉంటాడు, ఇద్దరూ వేరువేరు శబ్దాల గురించి గంటసేపు వాదించుకుంటారు. 1990ల కచేరీలను చులకన చేయడం ఒక ఫ్యాషన్. గార్సియా ఆరోగ్యం దెబ్బతిని చివరి ఏళ్లలో చేయి తడబడింది, నిజమే. అయినా మంచి రాత్రులు ఉన్నాయి, వినకుండా కొట్టేయకండి.

ఇంకో మర్యాద ఉంది. క్యాసెట్ల రోజుల్లో కొత్తగా వచ్చినవాడి దగ్గర మార్చుకోవడానికి టేపులేమీ ఉండవు కాబట్టి, ఖాళీ క్యాసెట్లు, తిరుగు తపాలా స్టాంపులు పంపితే పాతవాళ్లు కాపీ చేసి పంపేవారు. డబ్బు చేతులు మారేది కాదు. ఇప్పుడు తపాలా పోయింది గానీ ఆ పద్ధతి పోలేదు. అడిగినవాడికి ఇవ్వండి, పైసా తీసుకోకండి, వివరాల ఫైలు లేకుండా ఇవ్వకండి.

పాత క్యాసెట్లు దొరికితే

అమెరికాలో ఉంటే గరాజ్ సేల్‌లోనో, ఇల్లు ఖాళీ చేస్తున్న పక్కింటివాళ్ల దగ్గరో అట్టపెట్టె నిండా మ్యాక్సెల్ క్యాసెట్లు కనిపించవచ్చు, పైన పెన్నుతో రాసిన తేదీలతో. వెంటనే ప్లేయర్లో పెట్టేయకండి. ముందు క్యాసెట్ కింది అంచులో టేపు వెనకాల ఉండే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోయిందేమో చూడండి. ఊడితే ఆ టేపును వేరే క్యాసెట్ డొల్లలోకి మార్చాలి, లేకపోతే శబ్దం మసకగా వచ్చి టేపే పాడైందనుకుంటారు. ముందుకీ వెనక్కీ ఒకసారి పూర్తిగా తిప్పండి. క్యాసెట్ ప్లేయర్ (డెక్) లో టేపును చదివే హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి.

తర్వాతిది చెవితో చేసే పని. ఒక్కో రికార్డరు హెడ్ ఒక్కో రవ్వంత వంపులో ఉంటుంది. ఆ వంపు మీ డెక్‌తో కలవకపోతే తాళాల మెరుపు పోతుంది. హెడ్ పక్కన ఉండే చిన్న స్క్రూను, పాట నడుస్తుండగా, రెండు చానళ్లనూ కలిపి మోనోలో వింటూ వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పండి. ఎక్కడ శబ్దం అన్నిటికన్నా స్పష్టంగా విచ్చుకుంటుందో అక్కడ ఆపండి. ప్రతి క్యాసెట్‌కూ మళ్లీ చేయాల్సిందే. అట్ట మీద డాల్బీ (రొద తగ్గించే ఏర్పాటు) అని రాసి లేకపోతే డాల్బీ ఆపే ఉంచండి.

కంప్యూటర్లోకి 24-బిట్‌లో ఎక్కించండి. రొద తీసేసే ఫిల్టర్ల జోలికి పోకండి, రొదతో పాటు తాళాలూ పోతాయి. మీకు నచ్చినట్టు శుభ్రం చేసిన కాపీ కావాలంటే విడిగా చేసుకుని, అసలుది ముట్టుకోకుండా ఉంచండి. అట్ట రెండు వైపులా ఫొటో తీయండి, చేతిరాత తేదీని నమ్మే ముందు పాటల జాబితాతో పోల్చండి. ఆ తేదీకి ఇప్పటికే మాస్టర్ నుంచి ఎక్కించినది ఉంటే మీ నాలుగో తరం కాపీతో ఎవరికీ పని లేదు. ఉన్న రికార్డింగుల్లో తెగిపోయిన పాట మీ క్యాసెట్‌లో పూర్తిగా ఉంటే మాత్రం అది అవసరమైన ముక్కే. అప్పుడు డెక్ పేరు, తరం తెలిస్తే తరం, తెలియకపోతే తెలియదని, ఏ పాటలో ఏ నిమిషం ఏ సెకను దగ్గర టేపు తిరిగిందో వివరాల ఫైలులో రాసి, దానితో కలిపి టేపుల లోకంలోకి పంపండి.